గంధకంలో గంధం

ఒక పెద్ద అడవిలో చెట్టుకో ఆఫీసు ఉండేది. వాసనల శాఖకి అధికారి పరిమళరావు అనే పునుగుపిల్లి. ఆరేళ్ళుగా టెంపరరీయే, పాపం. "ఈ ఏడైనా పర్మనెంటు చేస్తే చాలు" అని కనబడ్డవాడికల్లా చెప్పుకుని ఏడ్చేవాడు.

ఆ తొలకరికి అడవికంద పూసింది. అబ్బో, అదేం కంపు! చచ్చిన ఎలకని నాలుగు రోజులు ఎండలో పెట్టినట్టు. పంచాయతీ అధ్యక్షులు అడవిపందిగారు భోజనం మధ్యలో ముక్కు మూసుకున్నారు. ఆ భోజనమూ కందగడ్డేలెండి. వెంటనే పరిమళరావుని పిలిపించారు.

"ఏమయ్యా, వచ్చే తొలకరికి పక్కడవి సింహంగారు పర్యటనకొస్తున్నారు. ఈలోగా ఆ పువ్వు కంపు పోవాలి. పోయిందా, నీ ఉద్యోగం పర్మనెంటు. పోలేదా, నువ్వే పోతావు."

పరిమళరావు పరుగున పోయి చెదపురుగు శాస్త్రిగారి ఆరు కాళ్ళ మీదా పడ్డాడు. రెండు గ్రంథాలయాలు నమిలి మింగిన పండితుడాయన.

"ఏ పువ్వు ఏ వాసన వండాలో దాని జన్యువుల్లో రాసి ఉంటుంది నాయనా, తాతల నాటి వంటపుస్తకంలాగా," అన్నారు శాస్త్రిగారు. "మల్లె తియ్యటి నూనెలు వండుతుంది. కంద గంధకం కలిపి వండుతుంది. అందుకే ఆ కుళ్ళు వాసన."

"గంధకమా?" పరిమళరావు ఎగిరి గంతేశాడు. "అందులో గంధం ఉంది కదండీ! ఆ 'క' ఒక్కటీ కొరికేయండి, గంధమే మిగులుతుంది!"

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఆ కంపుకే కుళ్ళు తినే పురుగులు మాంసమనుకుని వస్తాయి. ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకి మోస్తాయి. అవి రాకపోతే కాయ లేదు, విత్తనం లేదు, కొత్త మొక్క లేదు."

"పురుగుల సంగతి ఫైల్లో లేదండీ. కొరకండి."

శాస్త్రిగారికి కొరకడమంటే ప్రాణం. కొరికారు.

మరుసటి తొలకరికి కంద గంధంలా ఘుమఘుమలాడింది. సింహంగారు ఆహా అన్నారు, ఓహో అన్నారు. పరిమళరావు మెడలో దండ పడింది. పర్మనెంటు ఆర్డరు మాత్రం పరిశీలనలో పడింది.

పురుగులు వచ్చాయి. "ఛీ ఛీ, ఏం కంపు!" అని వెళ్ళిపోయాయి. కంద కాయలేదు. ఉన్న గడ్డల్ని పందిగారు తవ్వుకుని తినేశారు. మూడేళ్ళకి అడవిలో కంద లేదు, ఆయన ఒంట్లో కండ లేదు. రాళ్ళ సందున ముట్టె దూరక మిగిలినవి నాలుగే మొక్కలు.

"ఎవడ్రా కంపు తీసింది?" అని పందిగారు గుర్రుమన్నారు.

"తమరి... తమరి ఆజ్ఞేనండీ!" అన్నాడు పరిమళరావు. ఆ భయానికి తోక కింద సంచిలోని సరుకు కాస్తా జారింది. పచ్చి పునుగు, అచ్చం పాత కంద కంపే! ఇన్నాళ్ళూ దాన్ని పరిమళమనే చెప్పుకు తిరిగాడు మరి. ఎక్కడెక్కడి పురుగులూ జుయ్యిమని వచ్చి అతని మీద వాలాయి.

పందిగారు వాసన చూసి, చాలాకాలానికి నవ్వారు.

ఆ సాయంత్రమే ఆర్డరొచ్చింది. పూత కాలమంతా పరిమళరావు ఆ నాలుగు కంద మొక్కల మధ్య తోకెత్తుకుని కూర్చోవాలి. కాయ కాసేదాకా సెలవు లేదు.

ఉద్యోగం మాత్రం పర్మనెంటు.

నీతి: కందకు లేని దురద ఆఫీసరుకుంటే, కందకు లేని కంపూ ఆయనే కొట్టాలి.