ఎర్త్ క్లాంపుకు కంకణం

దసరా మరునాడు పొద్దున్నే ఒక్క రేకు కోసి చూపించి, మధ్యాహ్నం మటన్ తిని పడుకోవాలన్నది ధర్మేందర్ పథకం. సూర్యాపేటలో గేట్లు, గ్రిల్స్ చేసే అతని షాపుకు మిర్యాలగూడ రైసుమిల్లు సేటు పాపయ్య వచ్చి కూర్చున్నాడు. కరెంటు మంటతో రేకులు కోసే ప్లాస్మా మిషన్ శుభ్రంగా కోస్తే మిల్లు పనంతా ధర్మేందర్‌దే. లేకపోతే కోదాడ నుంచి దిగిన కంపెనీ ఏజెంటు క్రాంతి చెప్పే షాపుది.

కోసేటప్పుడు వేడికి రేకు వంగుతుంది. మంట కక్కే టార్చి దాన్ని చూసుకుంటూ పైకీ కిందికీ కదలాలి. ఆ పని చేసే కంపెనీ డబ్బా ధర వింటేనే ధర్మేందర్‌కు కడుపు మండింది. ఎవరో పుణ్యాత్ములు ఇంటర్నెట్‌లో ఊరికే పెట్టిన డ్రాయింగు చూసి, పాత ప్రింటరు మోటారుతో, తన టిఫిన్ డబ్బాలోనే సొంతంగా ఒకటి తయారుచేశాడు. వోల్టేజీ పెరిగితే మంట పొడవు పెరిగిందనుకుని అది టార్చిని దించుతుంది, తగ్గితే లేపుతుంది. నిన్న ఆయుధ పూజకు ముందు వెన్నలా కోసింది కూడా.

“కంపెనీ డబ్బా నా గడప తొక్కది,” అన్నాడు క్రాంతి మొహం మీదే.

“మీ ఇష్టమండీ. కానీ ఆ టిఫిన్ డబ్బాలో కూర పెట్టుకునుంటే కడుపన్నా నిండేది,” అన్నాడు క్రాంతి.

మిషన్ వేశారు. జానెడు కోసిందో లేదో, టార్చి ముక్కు రేకుకు గుచ్చుకుని ఆగిపోయింది. ధర్మేందర్ ల్యాప్‌టాప్‌లో అంకెలు మార్చాడు. నల్లా దగ్గర పూజ దీపాలను చింతపండుతో తోముతున్న తల్లి భద్రమ్మ పరుగున వచ్చింది.

“దిష్టిరా! నిన్న పసుపు తక్కువైంది.”

“అమ్మా, జర ఆగు. ఇది కరెంటు పని.”

“కరెంటుకు దిష్టి తగలదా? గా నోరు తెరుసుకున్నదాన్ని సూడు, అందరి కండ్లు దాని మీదనే!”

ఆ నోరు కరెంటు తీగ చివర రేకును కరుచుకునే ఎర్త్ క్లాంపుది. నిన్న ఆమె దాని పళ్ళకు కట్టిన పసుపు కంకణం అలాగే ఉంది. దాని మీద ఇంకో కంకణం చుట్టి, పసుపు ముద్ద మెత్తింది. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు కానీ, ధర్మేందర్ మొండితనం తల్లి ముందు ఏ మూలకూ రాదు.

ఈసారి టార్చి ఇంకా గట్టిగా దిగబడింది. అతను మళ్ళీ అంకెలు మార్చాడు, ఆమె మళ్ళీ పసుపు మెత్తింది. మూడోసారి టార్చి రేకును బల్ల మీంచి ఈడ్చింది. రేకు స్టూలును తన్నింది. స్టూలు మీది చాయ్ పాపయ్య తెల్లచొక్కా మీదికి వచ్చింది.

“ఇగ నేను పోత,” అని సేటు లేచాడు. క్రాంతి తన కాగితాలు తీశాడు.

భద్రమ్మకు కోపం నషాళానికంటింది. “ఇంత పూజకు లొంగలేదంటే ఇది మైలపడ్డదే!” అని కంకణాలు తెంపి, క్లాంపును నల్లా కిందికి లాగి, దీపాల చింతపండుతో తళతళలాడేలా తోమి, కొంగుతో తుడిచి కొడుకు చేతిలో పెట్టింది.

మెరుస్తున్న ఇనుప పళ్ళను చూడగానే ధర్మేందర్‌కు నెత్తి మీద మొట్టినట్టయింది. పసుపు, దారం కరెంటుకు అడ్డుపడి అక్కడ వోల్టేజీ పెరుగుతోంది. పాపం, టిఫిన్ డబ్బా దాన్ని మంట పొడవనుకుని టార్చిని దించుతోంది. పొద్దటి నుంచి మార్చిన అంకెలన్నీ చెరిపేశాడు.

“సేటూ, ఇంకొక్కసారి. నా లెక్క తప్పు లేదు. ఇప్పుడు గిన కొయ్యకపోతే మిషన్ ఇప్పి పాతసామాను బండికేస్త!”

టార్చి కదిలింది. రేకు వంగిన చోట వంగి, లేచిన చోట లేచి, గుండ్రంగా ఒక చుట్టు తిరిగింది. కోసిన చక్రం ఠంగుమని కింద పడింది. చల్లారాక పాపయ్య దాని అంచు తడిమి, మళ్ళీ కూర్చుని ఇంకో చాయ్ అడిగాడు. ధర్మేందర్‌కు కళ్ళు చెమర్చాయి. పొగ వల్లేనని అందరికీ చెప్పాడు.

“నేను సెప్పలే, దిష్టని?” అంది భద్రమ్మ.

క్రాంతి మెల్లగా దగ్గరికి జరిగాడు. “ఆ డ్రాయింగు ఒకసారి ఇస్తారాండీ?”

“నెట్‌ల ఉన్నది, తీస్కో. అడిగే పని గూడ లేదు!”

ఎర్త్ క్లాంపును చింతపండుతో తోమాలని ధర్మేందర్ ఆ సాయంత్రమే ఇంటర్నెట్‌లో ఆ డ్రాయింగు కింద ఒక ముక్క చేర్చాడు. ఎన్ని గ్రాములని జర్మనీ నుంచి ఒకాయన అడిగాడు.