పళ్ల డాక్టరు దగ్గరికి బద్లీ

ఆదివారం పొద్దున పది గంటలకు పళ్ల డాక్టరు దగ్గర ఉండాలని సారక్క రెండు రోజుల ముందే నంబరు రాయించింది. అదే పదింటికి బామ్మర్ది ఇంట్లో మటన్ ముందు కూర్చోవాలని ఆమె మొగుడు లింగమూర్తి వారం ముందే నిర్ణయించుకున్నాడు. నెల రోజులుగా అతను పళ్లు తోమితే నెత్తురు, లేచి చూస్తే దిండు గలీబు మీద నెత్తురు. అయినా గుజరాత్‌లోని పల్సానా బట్టల కార్ఖానాలో ఆరు సాంచాలు, అంటే మరమగ్గాలు, ఒంటిచేత్తో నడిపే మొనగాడికి డాక్టరు కుర్చీ అంటే హడల్. ఆ ఆరు సాంచాలే అతని బువ్వ, అతని పరువు. మనిషన్నాక ఎక్కడో ఒకచోట భయం ఉండాలి కదా పాపం.

కార్ఖానాలో ఒకడు రాకపోతే అతని పేరు మీద ఇంకొకడు పనిలో నిలబడతాడు. దాన్ని బద్లీ అంటారు. పక్క గది సోమలింగం లింగమూర్తికి పదిసార్లు బద్లీ నిలబడ్డాడు. పదకొండోసారి ఎందుకు నిలబడడు?

"నా పేరు చెప్పి నోరు తెరువు. చీటీ రాపిచ్చుకొని రా. గంతే," అన్నాడు లింగమూర్తి.

"గంతేనా అన్నా? సాంచాల కంటే అల్కగున్నది," అన్నాడు తంబాకు ముట్టని సోమలింగం.

సాయంత్రానికి చీటీ ఇల్లు చేరింది. గుజరాతీ బడిలో చదివే కూతురు నవత దాన్ని చదివింది. "చిగుళ్లు మంచిగున్నయంట నాయినా. మందులు అవసరం లేదంట."

లింగమూర్తి మీసం దువ్వుకున్నాడు. సారక్క గలీబు వైపు చూసింది.

"చిగుళ్లు మంచిగుంటే గీ నెత్తురు ఏడికెళ్లి వస్తున్నది?"

జవాబు ఆమే చెప్పుకుంది. ఇరవై ఏళ్లు సాంచాల దుమ్ము పీల్చిన మనిషి, ఇంకెక్కడ నుంచి, ఊపిరితిత్తుల నుంచే. అన్నం వడ్డించేలోపే అతని కంచం, గ్లాసు వేరయ్యాయి. మర్నాటికి గల్లీ అంతా టీబీ అంది. మంగళవారం కార్ఖానా యజమాని శేఠ్ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "పహలే ఇలాజ్ కరావో," ముందు వైద్యం చేయించుకో, అంటూ గేటు దగ్గరే ఆపేశాడు. ఆరు సాంచాల ముందు బద్లీ ఎవరో చెప్పక్కర్లేదు.

ఒక్క నిజం చెబితే అంతా తేలిపోయేది. కానీ చెబితే కుర్చీ ఎక్కాలి. దానికంటే టీబీయే నయమనుకున్నాడు మహానుభావుడు.

ఛాతీ ఫోటోలో ఏమీ కనిపించలేదు. ఉమ్మి పరీక్షలోనూ ఏమీ లేదు. దాంతో సారక్కకు దడ ఇంకా పెరిగింది.

"అయితే కడుపులకెళ్లే వస్తున్నది. రేపు నోట్లకెళ్లి పైపేసి చూస్తరంట. జర ధైర్యంగుండు," అని కళ్లొత్తుకుంది.

"పైపు ఎంత పొడుగుంటది?"

"కడుపు దాక పోవాలె గద."

లింగమూర్తి నిజం మొత్తం కక్కేశాడు, మటన్‌తో సహా.

సారక్క అరవలేదు. "పది దినాల సంది నీకేమైతదోనని ముద్ద దిగలె నాకు," అంటూ చెప్పులేసుకుంది. అతనికి మొదటిసారి నిజంగా సిగ్గేసింది.

పళ్ల డాక్టరమ్మ రిజిస్టరు తిరగేసింది. "లింగమూర్తి వచ్చి వెళ్లాడే. మీరెవరు?"

"అసలు లింగమూర్తి గీయన. అప్పుడొచ్చినోడు బద్లీ," అంది సారక్క తన హిందీలో.

వాచిన చిగుళ్లు చూశాక డాక్టరమ్మ దారులు చెప్పింది. ఇప్పుడైతే సూదితో తిమ్మిరెక్కించి, చిగుళ్ల కింది గార గీకేస్తుంది, నాలుగుసార్లు రావాలి. ఆలస్యమైతే చిగురు కోసి శుభ్రం చేసి కుట్టాలి. ఇంకా ఆలస్యమైతే పళ్లు పీకడమే. లింగమూర్తి తలుపు వైపు చూశాడు. తలుపుకు అడ్డంగా సారక్క ఉంది.

"ఇప్పుడే గీకుండ్రి," అంది.

నెలకు నెత్తురు ఆగింది. తీరా చూస్తే సూది పొడిచిన చురుకు తప్ప నొప్పే లేదు. లింగమూర్తి హుషారుగా కార్ఖానాకు పోయాడు.

"సోమలింగం ఒక్క రోజు నాగా పెట్టలేదు. ఆ సాంచాలు ఇప్పుడతనివే," అన్నాడు శేఠ్. "అతను రాని రోజు నువ్వు బద్లీకి రా."

లింగమూర్తి నోరు మూసుకుని ఒప్పుకున్నాడు. వాపు తగ్గింది కాబట్టి మూసుకోవడానికి ఏ ఇబ్బందీ కలగలేదు.