వెనక గేరులో అనంతగిరి

1953లో, ఎండలు ముదరకముందు ఒక ఆదివారం నాడు, నాంపల్లికి గర్వకారణమైన సంఘటన ఒకటి జరిగిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. అక్కడి ఒక సర్కారీ దఫ్తరు సూపరింటెండెంటు వామన్‌రావుగారు చిన్న కిరాయి మోటారులో అనంతగిరి గుట్ట ఎక్కారు. గుట్ట అంతకుముందూ ఉంది, మోటార్లూ ఉన్నాయి. రెంటినీ కలిపిన ఘనత మాత్రం ఆయనదేనని దఫ్తరంతా ఒప్పుకుంది. బండి నడిపింది శ్యామ్‌సుందర్ అనే గుమాస్తా. నడిపినవాడి పేరు చరిత్ర అడగదు గనుక మనమైనా చెప్పుకుందాం.

శ్యామ్‌సుందర్ ఏళ్ల తరబడి తాత్కాలిక ఉద్యోగి. రాజ్యం మారింది, దఫ్తరు భాష మారింది, గోడల మీద పటాలు మారాయి. ఆయన తాత్కాలికం మాత్రం చెక్కుచెదరలేదు. ఉద్యోగం పక్కా కావాలంటే సాబ్ ఒక్క సంతకం పెట్టాలి. ఒకనాడు చాయ్ తాగుతూ సాబ్, "అనంతగిరి పోదామని మా ఇంట్ల ఒకటే పోరుతున్నరు. బస్సుల పోతే మన హోదా ఏం గావాలె?" అని నిట్టూర్చారు. వెంటనే శ్యామ్‌సుందర్ నోరు, తన యజమానిని సంప్రదించకుండానే, "నాకు మోటరు నడప వస్తది సాబ్!" అనేసింది.

అది అబద్ధమేమీ కాదు. బాగేఆం తోట చుట్టూ చదునైన రోడ్డు మీద ఆయన నిజంగానే నడిపాడు. గుట్టల సంగతి ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

అబిడ్స్‌లో ప్రహ్లాద్ అనే పెద్దమనిషి మోటార్లు కిరాయికి ఇచ్చేవాడు. ఉన్నవాటిలో చిన్నదాన్ని చూపించాడు.

"గుట్ట ఎక్కుతదా అన్నా?" అని అడిగాడు శ్యామ్‌సుందర్.

"ఎక్కకేమి? దిగుడైతే ఇంకా జోరుగ దిగుతది," అని ప్రహ్లాద్ ముసలి ఎద్దును నిమిరినట్టు దాన్ని నిమిరాడు.

శ్యామ్‌సుందర్ భార్య పద్మ బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, "ఇందుల నలుగురం పడతమా?" అంది.

"సాబ్ పడితే చాలు. మనం ఎట్లనో సర్దుకుందాం," అన్నాడు భర్త.

సాబ్ పట్టారు. వెనక సీటు మొత్తానికి ఆయనా, మిగిలిన మూలకు ఆయన భార్య నళినమ్మా పట్టారు. పద్మ ముందు సీట్లో పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వికారాబాదు దాకా ప్రయాణం హాయిగా సాగింది. సాబ్ దారి పొడుగునా దేశాభివృద్ధిని గురించి సెలవిచ్చారు.

గుట్ట మొదట్లోనే బండి దగ్గింది. రెండో మలుపు దగ్గర నిలబడిపోయింది. శ్యామ్‌సుందర్ చెమటలు తుడుచుకుంటూ, "జర బరువు తగ్గితే..." అన్నాడు. పద్మ దిగింది. బండి కదల్లేదు. నళినమ్మ దిగింది. ఆ తర్వాత పులిహోర దిగింది. వామన్‌రావుగారు దిగలేదు. దిగడమనేది ఆయన సర్వీసులో లేదు.

అప్పుడే బ్రేకు కూడా తన తాత్కాలికత్వాన్ని ప్రకటించింది. బండి వెనక్కి జారింది. శ్యామ్‌సుందర్ స్టీరింగు చక్రాన్ని ఒక్క తిప్పు తిప్పేసరికి బండి వెనకభాగం గట్టుకు గుద్దుకుని, గిర్రున తిరిగి, ముక్కు లోయ వైపు పెట్టి ఆగింది. ముందు చక్రాల అవతల చెట్ల కొసలు కనిపించాయి. పద్మ కెవ్వున కేక వేసింది. ఆయన బండిని అంచు నుంచి తప్పించాలని వెనక గేరు వేశాడు. విచిత్రం చూడండి, ముందుకు ఎక్కనన్న బండి వెనక్కి ఎక్కడం మొదలుపెట్టింది! దాని బలమంతా వెనక గేరులో ఉంది. కొందరు పెద్దమనుషుల బలం కూడా అక్కడే ఉంటుంది గనుక మనం ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఆ విధంగా వామన్‌రావుగారు గుట్ట మీది గుళ్లో దేవుడికి వీపు పెట్టి, హైదరాబాదుకు ముఖం పెట్టి పైకి పోసాగారు. శ్యామ్‌సుందర్ మెడ తిప్పి వెనక అద్దంలోంచి దారి చూద్దామంటే సాబ్ అడ్డం. దారి కనిపించదు, సాబ్ కనిపిస్తారు. ఉద్యోగంలో అలవాటే గనుక అట్లాగే నడిపాడు.

మలుపుల దగ్గర మాత్రం బండి మొరాయించింది. ఆడవాళ్లిద్దరూ ముందుకొచ్చి దాని ముక్కు మీద చేతులు వేసి తోశారు. ముక్కు పొయ్యి మీది పెనంలా కాలుతోంది. కొబ్బరికాయలు పట్టుకుని నడిచిపోతున్న మల్లయ్య, కొండమ్మ అనే రైతు దంపతులు జాలిపడి చేతులు కలిపారు. కొండమ్మ లోపలికి తొంగిచూసి, "ఓ దొరా, జర దిగరాదు? మేమింత పానం బెట్టి తోస్తున్నం!" అంది.

"నేను దిగితే నడిపించేదెవరమ్మా?" అన్నారు వామన్‌రావుగారు, నొచ్చుకోకుండా. తర్వాత ముందు అద్దంలోంచి ఆ నలుగురికీ అభయహస్తం చూపి, "సోదర సోదరీమణులారా! ఇదే శ్రమదానం! ఈనాడు మీరు తోస్తున్నది బండిని కాదు, దేశాన్ని!" అని ఉపన్యసించారు.

"దేశం మస్తు బరువున్నది తల్లీ," అని మల్లయ్య నళినమ్మతో అన్నాడు.

శ్యామ్‌సుందర్ ఒక్కసారి ముందుకు తిరిగాడు. అద్దానికి అవతల పద్మ ముఖం. కుంకుమ చెమటకు కారి ముక్కు మీదికొచ్చింది. "ఆపేయ్, సాబ్‌ను దింపు" అని గుండె చెప్పింది. సంతకం గుర్తొచ్చింది. మళ్లీ మెడ వెనక్కి తిప్పి, సాబ్‌ను చూస్తూ బండి నడిపాడు.

గుట్ట మీద జనం గుమిగూడారు. తనను తోసే ప్రజలకు వీపు చూపని నాయకుణ్ణి వాళ్లు మొదటిసారి చూస్తున్నారట. ఎవరో దండ వేశారు. గుట్ట దిగేటప్పుడు ఆడవాళ్లిద్దరూ మళ్లీ బండెక్కారు. బ్రేకు నమ్మరానిది గనుక శ్యామ్‌సుందర్ చిన్న గేరులో, నత్తనడకన, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దింపాడు. ఆ సంగతిని మాత్రం ఎవరూ ఘనకార్యంగా ఎంచలేదు.

మూడు రోజులు తిరక్కముందే అబిడ్స్‌లో ఒక హాలులో సన్మాన సభ జరిగింది. "మనలో ఉన్నతశిఖరాలు అధిరోహించినవారు" అని అధ్యక్షుడు పరిచయం చేశాడు. ప్రత్యక్షసాక్షిగా శ్యామ్‌సుందర్‌ను వేదిక మీదికి పిలిచారు. ఆయన గొంతు సవరించుకుని ఆడవాళ్ల వరస వైపు చూశాడు. పద్మ కూడా ఆయన్నే చూస్తోంది.

"సాబ్ లేకపోతే..." అని ఆగాడు. "సాబ్ లేకపోతే ఆ బండి గుట్ట ఎక్కేదే కాదు!"

మొజంజాహీ మార్కెట్ దాకా వినిపించేలా చప్పట్లు మోగాయి. నళినమ్మా పద్మా మాత్రం కొట్టలేదు. ఇద్దరి అరచేతులకూ గుడ్డలు చుట్టి ఉన్నాయి. ఆడవాళ్లలో ఇంకా చైతన్యం రావాల్సి ఉందని వామన్‌రావుగారు విచారం వెలిబుచ్చారు.

మూడో వరసలో మేమూ ఉన్నాం, మీరూ మా పక్కనే ఉన్నారు. చేతులు నొప్పి పుట్టేదాకా కొట్టాం. మన చేతులకేం, శుభ్రంగా ఉన్నాయి.