దొరగారి చక్రాలు

ఆదోని పత్తి వ్యాపారి రంగనాయకులు ఇంట్లో పొద్దున్నే హడావుడిగా ఉంది. పదకొండింటికి ఎమ్మిగనూరులో ఆయన బావమరిది కొత్తింట్లో పాలు పొంగిస్తాడు. డ్రైవరు ఏసన్న కారు వెనక భాగం ఎత్తి, ఇరుసు కింద దిమ్మెలు పెట్టి, చక్రాలకు పట్టిన నల్లరేగడి బురద గీకుతున్నాడు. పోయిన నెలలో కొన్న పాత కారు అది. దాని పాత యజమాని అయిన దొర చచ్చిపోయాడు, వెనక సీటులో చుట్ట వాసన మాత్రం పోలేదు.

రంగనాయకులు భార్య తులసమ్మ చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలు పట్టుకుని కుడి పక్కకు వచ్చింది. ఆ పక్క మనిషి లేడు. ఇంజను చప్పుడు లేదు. కుడి చక్రం మెల్లగా తిరిగింది, అదీ వెనక్కి.

"ఏమండీ!" కాళ్లు వెనక్కి తిరిగి ఉండేది ఎవరికో ఆమెకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఎడమ చక్రం దగ్గర్నుంచి ఏసన్న లేచాడు. "నేనేనమ్మా! దీన్ని ముందుకు తిప్పితే అది ఎనక్కి తిరుగుతాది." నిజం చెబితే భయం పోతుందనుకున్నాడు పాపం.

"ఎద్దులబండికి యాడైనా అట్ల తిరుగుతాదా?" అన్నాడు పరుగున వచ్చిన రంగనాయకులు.

"ఇంజను బలం క్లచ్చి మీదుగా గేరుపెట్టెకు వస్తాదయ్యా. ఆడనుంచి పొడుగు షాఫ్టు. అది ఎనకుండే గుండుపెట్టెలో పళ్లచక్రాలను తిప్పుతాది. మలుపులో ఒక చక్రం ఎక్కువ, ఒకటి తక్కువ తిరగాల కదా, దానికే ఆ పెట్టె. ఇప్పుడు బండి గేరులో ఉండాది, షాఫ్టు కదల్దు. అందుకే ఇది ముందుకైతే అది ఎనక్కి. రెండూ కలిసి ముందుకు తిరగాలంటే ఇంజనే తిప్పాల."

రంగనాయకులు ఎడమ చక్రాన్ని భయంభయంగా ముందుకు తోశాడు. అవతల తులసమ్మ కెవ్వుమంది. "ఎనక్కే! ఆ దొరకు బతికినప్పుడూ అంతా ఎదురేనంట!"

రంగనాయకులు చక్రం వదిలేసి రెండడుగులు వెనక్కి వేశాడు. "బస్సులో పోదాం. కారు ఈ పొద్దే గూడూరులో అడిగినోళ్లకు ఇచ్చేస్తా. ఏసన్నా, నువ్వింక మీ ఊరికి పో."

ఏసన్నకు ఊరంటే గోనెగండ్ల. మళ్లీ పరాయి చేలో పత్తి ఏరడమే. నిజంతో ఇక లాభం లేదని తేలిపోయింది.

"అమ్మా, దాచినాను. దొరే. అయితే నా మాట ఇంటాడు." ఎడమ చక్రం తిప్పి, "దొరా, సాలు" అంటూ అదే చక్రానికి అరచెయ్యి అడ్డం పెట్టాడు. కుడి చక్రం బుద్ధిగా ఆగింది.

తులసమ్మ చేతులు జోడించింది. రంగనాయకులు గట్టిగా ఊపిరి వదిలాడు. "అయితే బతికినన్నాళ్లూ ఈ బండికి నువ్వే డ్రైవరు. అమ్మే మాటే లేదు."

దంపతులు బట్టలు మార్చుకోవడానికి లోపలికి పోయారు. ఏసన్న తనలో తాను నవ్వుకుంటూ దిమ్మెలు తీయడానికి కారు వెనక వంగాడు.

రెండు చక్రాలూ తిరుగుతున్నాయి. మెల్లగా, కలిసి, ముందుకు. బండి గేరులోనే ఉంది. తాళం అతని జేబులో ఉంది. చుట్ట వాసన ఈసారి వేడిగా తగిలింది.

పట్టుచీర సర్దుకుంటూ తులసమ్మ బయటికి వచ్చేసరికి, ఒక్క ఆదివారమైనా చర్చి మానని ఏసన్న గడప దగ్గర నిలబడి ఉన్నాడు.

"అమ్మా," అన్నాడు నెమ్మదిగా, "ఆ నిమ్మకాయలు యాడ పెట్టినారు?"