పడిపోవడానికి పర్మిషన్ అక్కర్లేదు

“ఈ కొండకు చక్రాలు తొడుగుతాను! తొడిగి, ప్రపంచ పటం మీద పరిగెత్తిస్తాను! వంద రోజుల్లో ఇక్కడ అంతర్జాతీయ స్థాయి మౌంటెన్ బైక్ ట్రయల్ వెలుస్తుంది. ఇది నా మాట కాదు, చరిత్ర మాట!”

క్రీడల మంత్రిగారు ఈ ప్రకటన చేసినప్పుడు నేను వేదికకు ఇరవై అడుగుల దూరంలో, నా షాపు ముందు పీట వేసుకుని ట్యూబుకు ప్యాచ్ వేస్తున్నాను. చరిత్ర అంత దగ్గరగా మాట్లాడటం ఎప్పుడూ వినలేదేమో, నోరు తెరుచుకుని ఉండిపోయాను. ఈలోగా పూసిన సొల్యూషన్ ఎండిపోయింది.

ముప్ఫై ఏళ్లుగా ఆ కొండ కింద సైకిళ్లు బాగుచేస్తున్నాను. చిన్నా పెద్దా అందరికీ బాబాయ్‌ని. పార్టీలతో నాకు పేచీ లేదు. ఏ పార్టీ వచ్చినా రోడ్లు వేస్తుంది, ఏ రోడ్డు వేసినా నాకు పంక్చర్లు వస్తాయి. కాబట్టి ఇక్కడ రాస్తున్నదంతా మంత్రిగారి మీద అభిమానంతోనే రాస్తున్నానని పాఠకులు గ్రహించాలి.

సరిగ్గా ఆయన “చరిత్ర” అన్నప్పుడే వేదిక వెనక ధబ్బున ఒక సైకిల్ దిగింది. దాని వెనక ఇంకోటి. ఆ వెనక ఇంకో మూడు.

“వీళ్లెక్కణ్ణుంచి వచ్చారయ్యా?” మైకు ఉన్న సంగతి మరిచి అడిగారు మంత్రిగారు.

“పైనుంచి సార్,” అన్నాడు పీఏ.

“పైనేముంది?”

“కొండుంది సార్.”

మంత్రిగారు జనంవైపు తిరిగారు. “చూశారా! ప్రకటించి అయిదు నిమిషాలు కాలేదు. ఫలితాలు దిగుతున్నాయి!”

చప్పట్లు మారుమోగాయి. నేనూ కొట్టాను. ఇంత వేగంగా పనిచేసే మంత్రి దొరకడం మా అదృష్టం.

ఆ దిగిన ఫలితాల్లో మొదటిది బ్రేకక్క. బ్రేకు ఎప్పుడూ పట్టదు కనుక ఆ పేరు. నాకంటే పదిహేనేళ్లు చిన్నదే అయినా నేనూ అలాగే పిలుస్తాను. రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం. వారంలో ఆరు రోజులు ఊళ్లోవాళ్ల రక్తం తీస్తుంది, ఏడో రోజు తన రక్తం కారుస్తుంది. ఆరేళ్లుగా ప్రతి ఆదివారం పలుగూ పారా భుజాన వేసుకుని కొండెక్కి, సైకిల్ ఒక్కటి పట్టేంత సన్నటి దారిని తన చేతులతో తవ్వింది. మిగతావాళ్లు తర్వాత కలిశారు. ప్రతి మలుపుకూ పేరుంది. మొదటిసారి వచ్చినవాడు దిగి నడవాల్సిందే కనుక ఒకటి ‘రేపురా’ మలుపు. హ్యాండిల్‌ను విరగ్గొట్టే రాయి ‘గోరుచుట్టు’. అది దాటి ఊపిరి పీల్చుకునే లోపే వచ్చే గుంట ‘రోకలిపోటు’.

ఈ ఏడాది సైకిల్ సమాఖ్య మొట్టమొదటిసారి మా కొండను తన పోటీల జాబితాలో చేర్చింది. తేదీ కూడా ఇచ్చింది. ఆ రోజు పోటీ జరక్కపోతే కొండ పేరు కొట్టేస్తారు, మళ్లీ మూడేళ్లదాకా తలెత్తి చూడరు. మంత్రిగారు చరిత్రను మాట్లాడించిన రోజుకు, పోటీకి పద్నాలుగు రోజులుంది.

నాలుగో రోజు పొద్దున నేను షాపు తీసేసరికి కొండ మొదట్లో కొత్త బోర్డు నిలబడి ఉంది. ‘ట్రయల్ జరుగుచున్నది. ముగియువరకు సైకిళ్లకు ప్రవేశము లేదు.’

ఇక్కడ పాఠకులకు చిన్న మనవి. కొండ దిగే సైకిల్ దారిని ఇంగ్లీషువాళ్లు ఒక మాట అంటారు. కోర్టులో జరిగే విచారణను ఇంకో మాట అంటారు. మన నోట్లో పడ్డాక రెండూ ట్రయలే. మంత్రిగారు ప్రకటించింది దారి. పీఏగారు చెవితో విన్నది విన్నట్టే ఫైల్లో రాశారు. ఫైలు చదివినవాళ్లు చదివింది విచారణ.

బ్రేకక్క నన్ను వెంటబెట్టుకుని క్రీడల శాఖ ఆఫీసుకు వెళ్లింది. ఆవిడ నోటికి కూడా బ్రేకు ఉండదు కనుక, పక్కన ఒక పెద్దమనిషి ఉంటే మంచిదని నేనూ కాదనలేదు. ఆ ఫైలు కామా ఆఫీసరు దగ్గరుంది. ఆయన ఫైళ్లకు కామాలు పెడతారే గానీ ఫుల్‌స్టాప్ పెట్టిన దాఖలా లేదు. అంత ఓపికైన అధికారిని నేనింకొకరిని ఎరగను.

“ట్రయల్ జరుగుతోందని బోర్డు పెట్టారు. ఎవరు చేస్తున్నారు సార్?” అంది బ్రేకక్క.

“ప్రభుత్వం.”

“ట్రయల్ అంటే దారి సార్. సైకిల్ దారి.”

“దారి అని రాసుంటే రోడ్ల శాఖకు పోయేది కదమ్మా. ట్రయల్ అనుంది. అందుకని న్యాయ విభాగానికి రాశాం,” అన్నారు ఆయన, ఎంతో మర్యాదగా. “విచారణ తేలేదాకా ఎవరూ దోషి కాదు, నిర్దోషీ కాదు. కొండైనా అంతే.”

“మరి ముద్దాయెవరు?”

“అదే వెతుకుతున్నాం. మీకెవరి మీదన్నా అనుమానం ఉందా?”

బ్రేకక్క నావైపు చూసింది. నేను గోడమీది క్యాలెండర్‌వైపు చూశాను.

“సార్, పోటీకి ఇంకా పది రోజులే ఉంది,” అంది.

“పది రోజులా! బోలెడు టైముంది. మా దగ్గర పదేళ్ల ఫైళ్లున్నాయి, అవి ఏమన్నా అంటున్నాయా?”

అక్కణ్ణుంచి తిన్నగా మంత్రిగారింటికి వెళ్లాం. మంత్రిగారు ప్రజలకు అందుబాటులో ఉంటారు. మూడు రోజులు తిరగ్గానే, నాలుగో రోజు వరండాలో పట్టుకున్నాం. బ్రేకక్క ఒక్క గుక్కలో విషయం చెప్పేసింది. మాట ఒకటే, అర్థాలు రెండు, ఫైల్లో పొరపాటు జరిగింది అని.

“పొరపాటా?” మంత్రిగారు కుర్చీలో వెనక్కి వాలారు. “నా ఫైల్లోనా?”

పీఏ వంగి ఆయన చెవిలో ఏదో ఊదాడు. మంత్రిగారి ముఖం వికసించింది.

“అమ్మా, నేననుకున్నదే అది. ముందు ట్రయల్, తర్వాత ట్రయల్! కొండ మీద మచ్చ లేదని ముందు తేలాలి, అప్పుడే చక్రాలు తొడగాలి. ఇలాంటి పారదర్శకత ఏ ప్రభుత్వంలోనైనా చూశారా?”

“లేదండి,” అన్నాను నేను. నిజంగానే చూడలేదు.

“విచారణ గురువారమే పెట్టించెయ్యవయ్యా. ఆడపిల్ల అడిగింది,” అని పీఏకు చెప్పారు. బ్రేకక్కకు నలభై రెండేళ్లు. ఆ మాటకు మాత్రం ఆవిడ కాస్త మెత్తబడింది.

గురువారం విచారణ. మూడు ఫ్యాన్లలో ఒకటి తిరిగే గది. బల్లకు అటు విచారణాధికారి, ఆయన పక్కన రాసుకోవడానికి కామా ఆఫీసరు. బల్లకు ఇటు మేం. తనిఖీ బృందం అంతకుముందే కొండ చూసి వచ్చి నివేదిక ఇచ్చింది. జీపు వెళ్లినంత దూరం దారి ఉందట. జీపు ఎక్కడ ఆగిందో, దారీ అక్కడే ఆగిపోయిందట. సైకిల్ దారి ఎక్కడా కనిపించలేదట.

“మీరు తరచూ ఆ కొండెక్కుతారని తెలిసింది. సూటిగా చెప్పండి. ఆ కొండ మీద సైకిల్ దారి ఉందా, లేదా?” అన్నారు విచారణాధికారి, బ్రేకక్కతో.

“ఉందంటే ఏమవుతుందండీ?”

“అనుమతి లేకుండా తవ్వినవాళ్లు ముద్దాయిలవుతారు. దారి పూడ్చేస్తాం.”

“లేదంటే?”

“ట్రయల్ ముగిసినట్టే. బోర్డు తీసేస్తాం. కానీ దారే లేదని రాశాక దానిమీద పోటీకి అనుమతివ్వం కదా.”

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. బ్రేకక్క తన అరచేతులవైపు చూసుకుంది. పలుగు పట్టి పట్టి కాయలు కాచిన చేతులవి. ‘రేపురా’ మలుపులో అడ్డొచ్చిన బండను పక్కకు దొర్లించడానికి ఆవిడకు రెండు నెలల ఆదివారాలు పట్టింది. ఆ రోజు కొండ దిగి వచ్చి నా షాపులో కూర్చుని, చేతికి కట్టుకట్టించుకుంటూ చిన్నపిల్లలా నవ్వింది. అది గుర్తొచ్చి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

“లేదండి. ఆ కొండ మీద ఏ దారీ లేదు,” అంది మెల్లగా.

అధికారి సంతోషించారు. “రాసుకోండి. సైకిల్ దారి లేదని తేలినందున, ముద్దాయి లేనందున, ట్రయల్ ముగిసింది.”

కామా ఆఫీసరు రాశారు. రాసి, అలవాటుకొద్దీ చివర కామా పెట్టారు. కామా పెట్టాక తర్వాత ఏదో ఒకటి రాయాలి గనుక తలెత్తారు.

“సార్, రేపెవరన్నా ఆ కొండమీంచి సైకిల్ మీద దిగితే?”

“దారి లేనిచోట ఎలా దిగుతారయ్యా? పడతారు.”

“పడటానికి అనుమతి తీసుకోవాలాండీ?”

“భలేవాడివే! పడటానికి అనుమతేంటయ్యా? మనిషన్నాక పడతాడు.”

“అదీ రాయమంటారా?”

“రాసి పారెయ్.”

బ్రేకక్క గబుక్కున తలెత్తింది. “సార్, ఆ చివరి ముక్క మాక్కూడా ఓ కాపీ ఇప్పిస్తారా? సీలేసి?”

పోటీ రోజైన ఆదివారం ఉదయం ఏడు గంటలకు అరవై నలుగురు పౌరులు, నిమిషానికి ఒకరు చొప్పున, నెంబర్లు కట్టుకుని, ఎంతో క్రమశిక్షణతో కొండమీంచి పడటం మొదలుపెట్టారు. “తర్వాత పడబోతున్నది పదిహేడో నెంబరు!” అని మైకులో చెబుతుంటే కింద జనం ఈలలు వేశారు. నలుగురు మాత్రం ‘రోకలిపోటు’ దగ్గర నిజంగానే పడ్డారు. వాళ్లను పోటీనుంచి తీసేశారు.

సమాఖ్య పరిశీలకుడు సీలు వేసిన కాగితాన్ని మూడుసార్లు చదివాడు. నావైపు చూశాడు. “అంతా పద్ధతి ప్రకారమే ఉంది బాబూ,” అన్నాను. ఆయన ఇంకేమీ అడక్కుండా స్టాప్‌వాచ్ తీశాడు. చివర్లో ఫారం నింపుతూ ‘దారి పేరు’ అన్న గడి దగ్గర ఆగి, కాగితంలో ఏముందో మళ్లీ చూసి, ‘లేదు’ అని రాసి సంతకం పెట్టాడు. ఆ విధంగా మా కొండ జాబితాలో నిలిచింది. బ్రేకక్క ఆ రెండక్షరాలను చాలాసేపు చూసింది. ఆరేళ్ల కష్టానికి వచ్చిన పేరది. “పోనీలే బాబాయ్,” అంది, “పూడ్చలేదు కదా.”

అందరికంటే ఆవిడే మొదట వచ్చింది. మూడేళ్లుగా ఆవిడను ఓడిస్తున్న పళ్ల డాక్టరు ఒక్క సెకను తేడాతో రెండో స్థానంలో ఉన్నాడు. బ్రేకక్క సైకిల్ పక్కన పడేసి, రాయి గీరుకున్న మోకాలినుంచి రక్తం కారుతుంటే ఆనందం పట్టలేక ఏడుస్తూ కూర్చుంది. అప్పుడే సైరన్ మోత వినిపించింది. ముందు రెండు అంబులెన్సులు, వెనక మంత్రిగారి కారు, ఆ వెనక కెమెరాలు. కొండమీంచి అరవై నలుగురు పడ్డారన్న కబురు ఆయనకు చేరిందట. స్నానం సగంలో ఆపి బయల్దేరారని పీఏ మాకందరికీ విడివిడిగా చెప్పాడు. ప్రజలంటే అంత ప్రేమ.

మంత్రిగారు నేరుగా బ్రేకక్క దగ్గరికి వచ్చి నేలమీదే కూర్చున్నారు. ప్యాంటుకు దుమ్ము అంటుకున్నా లెక్కచేయలేదు. ఇది నేను కళ్లారా చూశాను.

“పడ్డావా తల్లీ?”

“పడ్డానండి.”

“ఎంతసేపు పడ్డావమ్మా?”

“నాలుగు నిమిషాల పదకొండు సెకన్లండి.”

మంత్రిగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ భుజం మీద చెయ్యి వేశారు. కెమెరాలన్నీ దగ్గరికి జరిగాయి.

“నిన్నెవరు తోశారో చెప్పమ్మా. భయపడకు. నేనున్నాను.”

బ్రేకక్క కళ్లు తుడుచుకుని, ఆయన ముఖంలోకి తిన్నగా చూసింది.

“మీరేనండి.”

మంత్రిగారు ఒక్క క్షణం ఆలోచించారు. తర్వాత మెల్లగా లేచి, ప్యాంటు దులుపుకుని, రెండు చేతులూ జోడించి కెమెరాలవైపు తిరిగారు.

“నాదేముందమ్మా,” అన్నారు వినయంగా. “అంతా మా కార్యకర్తల కృషి.”