కొమ్ములున్న ఎలుగుబంటి బిళ్ళ

ఒక పెద్ద అడవిలో రాజెవరో తెలియాలంటే గద్దె వైపు చూసేవాళ్ళు కాదు, బిళ్ళ వైపు చూసేవాళ్ళు. లక్కతో చేసిన గుండ్రటి బిళ్ళ. సంతలో చెల్లేది అదే. దాని మీద ఎవరి బొమ్మ ఉంటే వాడే రాజు. దొంగ రాజులు రాకుండా ఎవరో పెద్దాయన పెట్టిన చట్టమట. దొంగ రాజులేమీ ఆగలేదు గానీ, వచ్చిన ప్రతివాడూ ముందు బిళ్ళల మీద పడేవాడు.

బిళ్ళలకు అచ్చు వేసేది వడ్రంగిపిట్ట టకటకాచారి. రాజు మారినప్పుడల్లా గట్టి కర్ర మీద కొత్త ముఖం చెక్కి, పాత బిళ్ళల్ని బండ మీద ఎండబెట్టి మెత్తబడ్డాక, పాత ముఖం మీద కొత్త ముఖం గుద్దేవాడు. కొత్త లక్క కొనే స్తోమత ఆ ఖజానాకి ఏనాడూ లేదు. ఆ ఏడాది ఏనుగు పోయి నెమలి, నెమలి పోయి అడవిదున్న గద్దెనెక్కారు. చెక్కీ చెక్కీ ఆచారి మెడ పట్టేసింది.

ఒకరోజు అడవిదున్న బురదలో పొర్లడానికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి గద్దె మీద బొచ్చప్ప అనే ఎలుగుబంటి కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. కాపలా రేచుకుక్కలు అప్పటికే జై కొట్టేశాయి. దున్న వాటి పళ్ళ వంక చూసి, "నాకూ ఈమధ్య నడుం నొప్పిగానే ఉందిలెండి" అని వెళ్ళిపోయాడు.

బొచ్చప్ప మొదటి ఆజ్ఞ ఆచారికే.

"రేపు సంత. పొద్దుటికల్లా బిళ్ళల మీద నా ముఖం ఉండాలి."

"ప్రభూ, మబ్బు పట్టింది. లక్క మెత్తబడదు. ఒక్క నాలుగు రోజులు గడువిప్పిస్తే..."

"నాలుగు రోజులు ఈ గద్దె మీద ఎవడు ఉంటాడో నీకు తెలుసా? రేపటికి కాకపోతే ముక్కు కోయిస్తా!"

పక్కనున్న మంత్రి తొండ తల ఊపాడు. ఆయనకి వచ్చిన విద్య అదొక్కటే. దాంతోనే నలుగురు రాజుల దగ్గర నెట్టుకొచ్చాడు.

ముక్కు లేని వడ్రంగిపిట్ట ఇక ఏం తింటుంది? ఏ తొర్రలో ఉంటుంది? ఆచారికి పెళ్ళాం పిల్లలు కళ్ళ ముందు కదిలారు. గట్టి లక్క మీదే గుద్దేశాడు. తీరా చూస్తే ఎలుగుబంటి ముఖమైతే పడింది గానీ, దాని నెత్తిన దున్న కొమ్ములు అలాగే ఉండిపోయాయి.

సంతలో బొచ్చప్ప తానే స్వయంగా తేనె కొట్టుకి వెళ్ళాడు. రాజయ్యాడన్న మాటే గానీ ఆయన ప్రాణమంతా తేనె మీదే. కొట్టు నడిపే కొండముచ్చు బిళ్ళని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎవరండీ ఈయన?"

"నేనే!"

"మరి కొమ్ములేవండీ?"

"అవి నావి కావయ్యా."

"అయితే ఈ బిళ్ళా మీది కాదు. చట్టమండీ, నేనేం చేయను? ఆ కొమ్ములాయన్ని పంపించండి, తేనె ఇచ్చేస్తాను."

బొచ్చప్ప ఒళ్ళు మండిపోయింది. సభకొచ్చి ఆచారిని పట్టుకు రమ్మన్నాడు. ముక్కు కోయడానికి ఎండ్రకాయని పిలిపించాడు. ఎండ్రకాయ వచ్చి కొలత చూసుకుంటూ ఉంటే, ఆచారికి చావు తెలివి వచ్చింది.

"ప్రభూ, ఒక్క మాట! బిళ్ళలేమో వేలకొద్దీ ఉన్నాయి. తమరేమో ఒక్కరు. అన్ని బిళ్ళల్ని మార్చడం తేలికా, తమరు ఒక్కరు మారడం తేలికా?"

తొండ తల ఊపాడు. నిజానికి ఆయన అప్పటికే ఊపుతున్నాడు.

ఆ పూటే రెండు ఎండు కొమ్మలు తెచ్చి, తీగతో బొచ్చప్ప నెత్తిన కట్టారు. మళ్ళీ కొట్టుకి వెళ్తే కొండముచ్చు బిళ్ళ చూసి, రాజుని చూసి, లేచి నిలబడి దణ్ణం పెట్టాడు. "తమరా! పొద్దున ఎవడో బోడి ఎలుగు వచ్చి తమరి పేరు చెప్పుకున్నాడండీ" అని కుండెడు తేనె ఇచ్చాడు. ఎండ్రకాయ పని వాయిదా పడింది. కానీ రద్దు కాలేదు. "నీ ముక్కు సంగతి తర్వాత చూస్తా" అని బొచ్చప్ప రోజుకోసారి గుర్తు చేస్తూనే ఉండేవాడు.

తర్వాత ఎండలు ముదిరాయి. లక్క మెత్తబడిన కొద్దీ అడుగునున్న పాత రాజులు ఒక్కొక్కరే పైకి తేలారు. మొదట నెమలి పింఛం వచ్చింది. బొచ్చప్ప వీపుకి ఈకలు కట్టారు. ఆ తర్వాత ఏనుగు తొండం వచ్చింది. అడవంతా వెతికి పొడుగాటి పొట్లకాయ ఒకటి తెచ్చి ముక్కుకి తగిలించారు. మూడో రోజుకల్లా అది వాడిపోయేది, మళ్ళీ కొత్తది కావాలి. ఈ వేషంతో ఆయన తేనె తాగబోతే తొండం అడ్డొచ్చేది, పడుకోబోతే కొమ్ములు గుచ్చుకునేవి. జనం మాత్రం అచ్చం బిళ్ళలా ఉన్నాడని మురిసిపోయారు.

ఒక మధ్యాహ్నం ఉక్క పట్టలేక బొచ్చప్ప వేషమంతా వాగు ఒడ్డున విప్పి నీళ్ళలోకి దిగాడు. పొట్లకాయ వాసన పట్టి ఒక అడవిపంది వచ్చింది. మూతి పెట్టింది. తీగల్లో తల చిక్కుకుంది. తల పైకెత్తేసరికి దానికి కొమ్ములు, తొండం, పింఛం అన్నీ అమిరిపోయాయి. రేచుకుక్కలు జేజేలు కొట్టి దాన్ని గద్దె మీదికి తీసుకుపోయాయి.

"ఘుర్ర్" అంది పంది.

"ఆహా, సూటిగా సెలవిచ్చారు!" అని తొండ తల ఊపాడు.

తడిసిన బొచ్చుతో బొచ్చప్ప పరుగెత్తుకొచ్చాడు. రేచుకుక్క అడ్డం నిలబడింది.

"ఎక్కడికోయ్ ఎలుగూ?"

"నేను రాజునిరా!"

"రాజుగారు లోపలున్నారు. బిళ్ళతో సరిచూసుకున్నాం."

"ఆచారిని పిలవండి! నా ముఖం చెక్కినవాడు, వాడికి తెలుసు!"

ఆచారి వచ్చాడు. తడిసి నీళ్ళు కారుతున్న ఆ ముఖం చూస్తే జాలేసింది. చెక్కిన చెయ్యి కాకపోయినా చెక్కిన ముక్కు కదా, ఆ ముఖాన్ని ఎలా మర్చిపోతుంది? నిజం చెప్పేద్దామనే నోరు తెరిచాడు.

"త్వరగా చెప్పు! లేకపోతే ముక్కు కోయిస్తా!" అని అరిచాడు బొచ్చప్ప, అలవాటు కొద్దీ.

ఆచారి నోరు మూసుకున్నాడు. ముక్కు కోయించే అధికారం రాజుకే ఉంటుంది. ఈయన రాజు కాకపోతే? ఆచారి సంచిలోంచి బిళ్ళ తీసి, దాన్ని చూసి, ఎలుగుని చూసి, గొంతు సవరించుకున్నాడు.

"ఈయనెవరో నాకు తెలియదండీ. కొమ్ములు లేవు కదా."

అలా పంది ఏలింది. ఆజ్ఞ ఏమిటో ఎవరికీ అర్థం కాక ఎవరి పని వాళ్ళు చేసుకున్నారు. అడవి అంత సుఖంగా ఎన్నడూ లేదు.

వారం తర్వాత ఆచారి సంతకి వెళ్తే, కొండముచ్చు కొట్టు ముందు బొచ్చప్ప గొంతుక్కూర్చుని తేనె నాకుతున్నాడు. ఇప్పుడు రాజునని చెప్పుకోవడం లేదు కాబట్టి కొండముచ్చు ఆయన బిళ్ళని మారు మాట్లాడకుండా తీసుకున్నాడట. ఆచారికి సిగ్గేసి పక్కకి తప్పుకోబోయాడు. బొచ్చప్పే పిలిచి, ఇంకో బిళ్ళ చేతికిచ్చాడు.

"ఆచారీ, నిజం చెప్పు. ఇందులో నేనెక్కడున్నాను?"

ఆచారి బిళ్ళని వెలుగుకి పట్టి చాలాసేపు వెతికాడు.

"ఇదిగో బాబూ, ఈ ఎడమ చెవి తమరిదే."

"బాగా చెక్కావయ్యా" అని బొచ్చప్ప మూతి తుడుచుకున్నాడు.

నీతి: అచ్చు ఎప్పుడూ తప్పు కాదు, తప్పంతా ముఖానిదే.