పళ్లకి మందు

ఆ శనివారం ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు: ఇంటి యజమాని దేవానందం, ఆయన భార్య ప్రేమావతి టీచరు, ఆయన తల్లి మేరమ్మ, వేసవి సెలవులకు వచ్చిన ప్రేమావతి మేనకోడలు రిబ్కా. వెనక గదిలో గడ్డి మీద పడుకున్న మామిడికాయలు కూడా ఉన్నాయి. వాటిని ఇంట్లోవాళ్లలో కలపడం భావ్యం కాదు గాని, ఆ రోజు జరిగిన రభసలో సగం వాటిదే. తిరువూరు మామిడి వ్యాపారి నన్నే సాహెబ్ ఆ గదిని ఎండాకాలానికి అద్దెకు తీసుకున్నాడు.

రిబ్కాది ఎ.కొండూరు దగ్గర పల్లెటూరు. పదహారేళ్ల పిల్ల, మంచి గొంతు. కాని ముందు పళ్ల మీద గోధుమరంగు గార. ఊళ్లో చాలామంది పళ్లు అలాగే ఉంటాయి కాబట్టి, అక్కడున్నంతకాలం తన పళ్లకి ఒక రంగుందని ఆమెకు తెలియనే తెలియదు. తిరువూరు వచ్చిన మొదటి ఆదివారం చర్చిలో ఎవరో పిల్ల, "నువ్వు వక్కపొడి తింటావా?" అని అడిగింది. అంతే, రిబ్కా కుడిచెయ్యి నోటి మీదికి చేరి అక్కడే కాపురం పెట్టింది. నవ్వినా చెయ్యే, మాట్లాడినా చెయ్యే. ఆఖరికి పాట కూడా చేతి చాటునుంచే.

సెలవుల బైబిలు తరగతులు మర్నాటితో ముగుస్తాయి. ముగింపు పాట రిబ్కా ఒక్కతే పాడాలి. పాటల మాస్టారు మాత్రం తేల్చి చెప్పేశారు. "చెయ్యి తీస్తే నువ్వు పాడు. తియ్యకపోతే ఇంకో పిల్ల చేత పాడిస్తా." పప్పు ఏరుతున్నా, నీళ్లు తోడుతున్నా రిబ్కా గొంతులో ఆ పాటే తిరుగుతోంది. అది ఇంకొకరి నోట్లోంచి వస్తే తను విని తట్టుకోలేదు.

"ఇంత చిన్న సంగతికి అంత దిగులెందుకే అమ్మాయ్!" అన్నాడు దేవానందం పొద్దున్నే కాఫీ తాగుతూ. "బస్టాండులో పళ్ల డాక్టరు దిగాడు. సీసాలో మందు దూదితో రుద్దాడంటే ముత్యాలే! మా ఆఫీసు బసవపున్నయ్య కళ్లారా చూశాడు."

"ఎవరికి రుద్దగా చూశాడండీ?" అంది ప్రేమావతి.

"రుద్దడం చూళ్లేదు. చెప్పడం చూశాడు."

"ఆస్పత్రి డాక్టరమ్మ ఏమందో మీకు చెప్పాగా. అది కడిగితే పోవడానికి మురికి కాదు, చిన్నప్పుడు తాగిన ఫ్లోరైడ్ నీళ్లతో పన్నులోనే కలిసిపోయిన రంగు. గీకితే పన్ను అరుగుతుంది గాని రంగు వదలదంది. అంతగా అయితే బెజవాడ తీసుకెళ్లి చదువుకున్న పళ్ల డాక్టరుకి చూపిద్దాం."

"పాట రేపు పెట్టుకుని బెజవాడ ఎప్పుడు వెళ్తావ్? ఏమ్మా రిబ్కా, నువ్వు చెప్పు."

రిబ్కా చేతి వెనకనుంచి ఏదో అంది. అది మామయ్యకు 'సరే' అనీ, అత్తకు 'వద్దు' అనీ వినిపించింది. నిజానికి ఆమె అన్నది 'భయం' అని.

"చూశావా, సరేనంది," అని దేవానందం చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. "అమ్మా! పళ్లకి మందు పెట్టే మనిషిని ఇంటికే పంపిస్తా. దగ్గరుండి చూడు."

ఆయన ఆఫీసుకు వెళ్లిన కాసేపటికి ప్రేమావతి చర్చిలో కాగితాల తోరణాలు కట్టడానికి బయల్దేరింది. గేటు దగ్గర నన్నే సాహెబ్ ఎదురయ్యాడు. ఆయన ఎవరితో మాట్లాడినా తువ్వాలు కొస నోటికి అడ్డం పెట్టుకునే మాట్లాడతాడు. అది మర్యాద కాబోలని అందరూ అనుకునేవారు.

"టీచరమ్మా, మధ్యాహ్నం మా కొత్త మనిషొస్తాడు. పళ్లకి మందు పెట్టాలి. కాస్త చూపించమనండి."

ప్రేమావతి గేటు దగ్గరనుంచే కేకేసింది. "అత్తయ్యా! పళ్లకి మందు పెట్టడానికి మనిషొస్తాడంట!"

"ఎన్నిసార్లు చెబుతారే! నాకేం చెవుడా?" అంది మేరమ్మ.

అలా ఇద్దరు మనుషులు ఒక్క మనిషైపోయారు.

మధ్యాహ్నం ఆ మనిషి రానే వచ్చాడు. పేరు అబ్దుల్ సలాం. చేతిలో కాగితం పొట్లం, భుజాన గోనెపట్టా. మేరమ్మ వరండాలో బల్ల చూపించింది. రిబ్కా తలుపు వెనక నక్కి చెవులు రిక్కించింది.

"సరుకు ఎక్కడిదమ్మా?" అని అడిగాడు సలాం.

పిల్లని సరుకనడం మేరమ్మకు నచ్చలేదు. పనివాడి భాష అంతేనని సరిపెట్టుకుంది. "కొండూరు పక్క ఊరు నాయనా."

"అనుకున్నా. అక్కడివాటికి పైన మచ్చ ఉంటుంది. దాంతో దోషమేం లేదు గాని, జనం పైరంగే కదా చూసేది!"

"అదే మా బాధ! రేపు పొద్దుటికి రంగు తిరగాలయ్యా."

"రేపటికా? అయితే మందు రెట్టింపు పెట్టాలి."

"నొప్పి లేకుండా చూడు నాయనా."

సలాం అయోమయంగా చూశాడు. ఎన్నో తోటలు తిరిగాడు గాని, కాయలకి నొప్పి పుడుతుందేమోనని బెంగపడ్డ మనిషిని ఎక్కడా చూడలేదు. ఈవిడది ఎంత జాలిగుండె అనుకున్నాడు. "మెల్లగానే చేస్తానమ్మా. ముందు మెత్తబడ్డవి ఏరి పారేస్తా."

"పారేస్తావా!"

"పారెయ్యకపోతే పక్కవి కూడా పోతాయమ్మా. తర్వాత పొట్లాలు కట్టి సందుల్లో దూర్చి, మీద గడ్డి కప్పి, గది తలుపు మూసేస్తా. మగ్గేదాకా మాటిమాటికీ తెరిచి చూడకూడదు."

తలుపు వెనక రిబ్కా తన పళ్లను నాలుకతో ఒక్కొక్కటే తడుముకుంది. ఏది మెత్తబడిందో ఆమెకు అంతుపట్టలేదు. గడ్డి కప్పుకుని గదిలో ఉండి, రేపు పాట టైముకి ఎలా బయటపడాలో అసలే అర్థం కాలేదు.

"గడ్డి బండిలో ఉంది, తెస్తా. పొట్లానికి తడి తగలనివ్వకండి," అని సలాం వీధి చివరికి వెళ్లాడు.

మేరమ్మ ఆలోచనలో పడింది. వయసొచ్చిన పిల్లని గడ్డిలో పడుకోబెట్టి ఎవరో మగవాడు తలుపు మూయడం ఆమెకు ఎంతమాత్రం ఇష్టం లేదు. పొట్లం విప్పి చూసింది. బూడిదరంగు రాళ్లముక్కలు. "పళ్లపొడే, నూరలేదంతే. ఒసే రిబ్కా, గిన్నెలో కాసిన్ని నీళ్లు తే. నానబెట్టి నేనే రుద్దుతా. వాడి గడ్డీ వద్దు, గాదమూ వద్దు."

అది కాయల మధ్య పెట్టే కార్బైడ్ అని ఇద్దరికీ తెలియదు. రాళ్లు నీళ్లలో పడగానే గిన్నె బుసకొట్టింది. తెల్లటి నురగ పొంగింది. వెల్లుల్లి కుళ్లినట్టు కంపు ఇల్లంతా కమ్మేసింది.

"పొయ్యి లేకుండా ఉడుకుతోందే తల్లీ!" అని మేరమ్మ వెనక్కి దూకింది. రిబ్కా గిన్నె అంచు పట్టుకుని, చెయ్యి చుర్రుమనడంతో వాకిట్లోకి విసిరేసింది. దీన్నా తన నోట్లో పెట్టబోయారు! గుమ్మంలో కూర్చుని రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

గిన్నె దొర్లుకుంటూ వెళ్లి, అప్పుడే గేటు తీసిన కళ్లజోడు మనిషి బూట్ల దగ్గర ఆగింది. ఆయన చేతిలో తోలుపెట్టె. అసలు పళ్ల డాక్టరు ఆయనే. "పళ్లు చూడమని దేవానందంగారు పంపారండి," అన్నాడు ముక్కు మూసుకుంటూ.

మేరమ్మ అంత కంగారులోనూ లెక్క సరిగానే వేసుకుంది. పిల్ల పళ్లకి ఒకడు వచ్చేశాడు. కాబట్టి ఈ రెండోవాడు మామిడిపళ్లకే అయ్యుండాలి. "వెనక గదిలో ఉన్నాయి, వెళ్లి చూసుకో పో!" అంది.

ఆయన వెళ్లాడు, చూశాడు. పొద్దుటినుంచి బస్టాండులో ఒక్క నోరూ తెరుచుకోలేదేమో, ఆకలి మీద ఉన్నాడు. గడ్డిలో వాటంతటవే పండిన నాలుగైదు పళ్లు మూలన కనిపించాయి. పెట్టె పక్కన పెట్టి, మఠం వేసుకుని కూర్చున్నాడు.

పెరటి తలుపు తీసుకుని వచ్చిన నన్నే సాహెబ్‌కి, మోచేతుల దాకా రసం కారుతున్న పెద్దమనిషి కనిపించాడు.

"ఎవరయ్యా నువ్వు?"

"పళ్ల డాక్టర్ని."

"మా పళ్లకేం రోగం? నీకొచ్చింది రోగం! లే!"

ఆయన్ని రెక్క పట్టుకుని వరండాలోకి తెచ్చేసరికి, గడ్డిమోపుతో సలాం ఒకవైపునుంచీ, ఒంటిపూట ఆఫీసు ముగించుకుని దేవానందం, తోరణాలు ముగించుకుని ప్రేమావతి ఇంకోవైపునుంచీ వచ్చారు. అందరూ ఒకేసారి మాట్లాడారు. వాకిట్లో గిన్నె చూసి సలాం తల పట్టుకున్నాడు. "పొయ్యి దగ్గర పెట్టారు కాదమ్మా, దీని గ్యాసు అంటుకుని ఇల్లు లేచిపోయేది!" అన్నాడు. ఏ పళ్లు ఎవరివో, ఏ మందు ఎవరిదో తేలడానికి చాలాసేపు పట్టింది. తేలాక దేవానందం ఒక్కడే నవ్వాడు.

"సరే, అయిందేదో అయింది. డాక్టరుగారు ఎటూ వచ్చారుగా. కూర్చోమ్మా రిబ్కా, పని కానిద్దాం."

"వద్దండీ అంటుంటే," అంది ప్రేమావతి.

"రేపు పాట పాడొద్దా మరి?"

ఆ మాటకి రిబ్కా లేచి వెళ్లి స్టూలు మీద కూర్చుంది. పాట కోసం భయాన్ని మింగేసి, చెయ్యి తీసి, నోరు తెరిచింది. డాక్టరు పెట్టెలోంచి సీసా తీశాడు. బిరడా లాగబోతే మామిడిరసంతో జిడ్డుగా ఉన్న చేతిలోంచి సీసా జారింది. మందు కింద నాపరాయి మీద పడింది.

నాపరాయి బుసకొట్టింది. తెల్లటి నురగ పొంగింది. నురగ తగ్గాక నల్లటి బండ మీద పాలిపోయిన మచ్చ తేలింది.

"మామ్మా, ఇది కూడా ఉడుకుతోంది!" రిబ్కా ఎగిరి దూకింది. ఆ అరుపు వీధి చివరిదాకా వినిపించింది. నోటికి చెయ్యి అడ్డం లేదు.

"రాయి సంగతి వేరమ్మా," అన్నాడు డాక్టరు. "పన్ను మీద ఏం కాదు."

"పన్ను రాయికన్నా గట్టిదాండీ?" అంది రిబ్కా.

డాక్టరు పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టాడు.

నన్నే సాహెబ్ తువ్వాలు కొస మెల్లగా కిందికి దించాడు. ఆయన ముందు పళ్లు సగానికి అరిగి, అంచులు పెచ్చులూడి, గాజుపెంకుల్లా ఉన్నాయి.

"నా పెళ్లికి ముందు తిరునాళ్లలో ఇలాంటివాడే రుద్దాడు తల్లీ. నిజం చెప్పాలి, తెల్లగానే వచ్చాయి. మా ఆవిడ రహమత్‌బీ నా నవ్వు చూసి మురిసిపోయింది. ఆ మురిపెం ఏడాది నిలవలేదు. ఇప్పుడు చన్నీళ్లు తాగితే నెత్తికెక్కుతుంది జివ్వున. మామిడి వ్యాపారినా, నా పళ్ల రుచి నాకు తెలియదు. పులుపో తీపో ఇంకొకరిని అడిగి అమ్ముకుంటా."

రిబ్కా ఆయన చేతిలో వేలాడుతున్న తువ్వాలు వైపు చూసింది. తర్వాత తన కుడిచేతి వైపు చూసుకుంది.

డాక్టరు చప్పుడు చేయకుండా గేటు దాటేశాడు. మేరమ్మ మాత్రం ఇంకా ఆలోచిస్తూనే ఉంది.

"ఒక్క మాట సాయిబూ. పైరంగు కోసం నీ పళ్లు పాడుచేసుకున్నావు. మళ్లీ ఆ పైరంగు కోసమే ఈ పళ్లకి మందేంటయ్యా?"

"అవి పళ్లు, ఇవి పళ్లు..." అని నన్నే సాహెబ్ మొదలుపెట్టాడు. తేడా చెప్పడానికి ఇంకో మాట కోసం వెతికాడు. దొరకలేదు. గడ్డిమోపు వైపు చూసి, "సలాం, గడ్డి ఒక్కటే కప్పు. మందు వద్దు. వాటికెన్ని రోజులు పడితే అన్ని రోజులు," అన్నాడు.

గడ్డి కప్పాక ఆయన మూల మిగిలిన రెండు పళ్లు తీసి రిబ్కా చేతుల్లో చెరొకటి పెట్టాడు. "తిని చెప్పు తల్లీ, ఎలా ఉన్నాయో."

"ముందు పాట చూసుకోవే," అంది ప్రేమావతి. "ఆ గదిలోనే నిలబడి ఒక్కసారి పాడు. అక్కడెవరూ చూడరు."

రిబ్కా మామిడి వాసనలో, చీకట్లో నిలబడింది. గొంతు సవరించుకుంది. అలవాటుగా కుడిచెయ్యి పైకి లేచింది గాని, అందులో పండుంది. ఎడమచేతిలోనూ పండే. పాట నోరారా బయటికొచ్చింది.

దేవానందం ఆత్రంగా గుమ్మంలోంచి తల పెట్టాడు. "చెయ్యి తీసిందా? పళ్లు కనిపిస్తున్నాయా?"

"మగ్గేదాకా తెరిచి చూడకూడదంట, పద," అని మేరమ్మ కొడుకుని వెనక్కి లాగి, రిబ్కా మీద తలుపు మూసేసింది.